ఆప్షన్లు లేని ప్రశ్న

గేట్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచీ జూనియర్లు నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఇంటర్వ్యూకి ఏం చదవాలి? పీడీఎఫ్ ఏదైనా ఉంటే పంపవా?"

పీడీఎఫ్ ఉంది. నా దగ్గరే మూడున్నాయి. ఒకటి సీనియర్ ఇచ్చింది, ఒకటి టెలిగ్రామ్‌లో దొరికింది, ఇంకోటి ఎవరో పంపితే తెరవకుండానే సేవ్ చేసుకున్నది. ప్రశ్న, కింద జవాబు, మళ్లీ ప్రశ్న, కింద జవాబు. మొదటిదాన్ని నేను రెండుసార్లు తిరగేశాను. అయినా మే నెలలో మొదటి ఇంటర్వ్యూలో బొక్కబోర్లా పడ్డాను. నెలాఖరులో రెండోదానికి వెళ్లాను. దాని ఫలితం ఇది రాసే సమయానికి ఇంకా రాలేదు. కాబట్టి ఇది సక్సెస్ స్టోరీ కాదు, ముందే చెప్పేస్తున్నాను. సీటొచ్చినా రాకపోయినా ఈ రెండు ఇంటర్వ్యూల మధ్య మూడు వారాల్లో నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. మన పత్రిక మన భాషలోనే కాబట్టి ఇక్కడే చెప్తున్నాను. ఇంటర్వ్యూకి మనం ప్రిపేరవ్వాల్సింది ముందు తెలుగులో.

నవ్వకండి. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

ముందు ఈ ఇంటర్వ్యూలు ఎక్కడుంటాయో చెప్పాలి, ఎందుకంటే థర్డ్ ఇయర్‌లో నాక్కూడా తెలియదు. గేట్ స్కోరుతో ఐఐటీల్లో మామూలు ఎంటెక్ అయితే చాలావరకు స్కోరు చూసి, కోయాప్ పోర్టల్ ద్వారా ఆఫర్ ఇచ్చేస్తారు. కానీ ఎంఎస్ బై రీసెర్చ్, పీహెచ్‌డీ అంటే కథ వేరు. అక్కడ గేట్ స్కోరు గుమ్మం దాకా తీసుకెళ్తుంది, లోపలికి వెళ్లాలంటే ఇంటర్వ్యూ, కొన్నిచోట్ల దాంతోపాటు ఒక రాతపరీక్ష కూడా. బెంగళూరు ఐఐఎస్‌సీలో రీసెర్చ్ ప్రోగ్రాములకీ అంతే. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఎంఎస్‌కీ ఇంటర్వ్యూ ఉంటుంది. క్యాట్ రాసి ఐఐఎంల వైపు వెళ్లేవాళ్లకీ పర్సనల్ ఇంటర్వ్యూ తప్పదు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఈ ఏడాది పోతే వచ్చే ఏడాది మళ్లీ వెళ్లొచ్చు. అది నాకు ఇప్పుడు పెద్ద ఓదార్పు.

రీసెర్చ్ ఇంటర్వ్యూ ఎలా ఉంటుందంటే, ముగ్గురో నలుగురో ప్రొఫెసర్లు కూర్చుంటారు. "నీకిష్టమైన సబ్జెక్టులు చెప్పు" అంటారు. మనం రెండు మూడు చెప్తాం. అక్కణ్నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతారు. పైకి కాదు, కిందికి. ఫోర్త్ ఇయర్ ఎలెక్టివ్ దగ్గర మొదలైనా పది నిమిషాల్లో ఇంటర్ ఫిజిక్స్ దగ్గర ఉంటారు. దాంతోపాటు లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. పీడీఎఫ్‌లో ఉన్న ప్రశ్న వస్తే సంతోషమే. రెండో ప్రశ్న "ఎందుకు?" అని ఉంటుంది. ఆ రెండోది ఏ పీడీఎఫ్‌లోనూ ఉండదు.

నాది మెకానికల్. ఇష్టమైన సబ్జెక్ట్ స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ అని చెప్పాను. నిజంగా ఇష్టమేనా అంటే, గేట్‌లో మార్కులొచ్చే సబ్జెక్ట్ కాబట్టి ఇష్టం. వాళ్లలో పెద్దాయన లేచి బోర్డు దగ్గరున్న సుద్దముక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. "విరుచు" అన్నారు. రెండు బొటనవేళ్లతో వంచి టప్పున విరిచాను. "ఇది బెండింగ్. ఇప్పుడు మెలితిప్పి విరుచు" అని ఇంకోటి ఇచ్చారు. మెలితిప్పాను. విరిగింది. ఈసారి విరిగిన చోటు అడ్డంగా లేదు. స్క్రూ మరలాగా వాలుగా, చుట్టూ తిరుగుతూ విరిగింది.

"ఎందుకలా?"

నాలుగేళ్లుగా, ఇంకా మాట్లాడితే పన్నెండేళ్లుగా చేతిలో పట్టుకున్న వస్తువు. క్లాసులో ఎన్ని విరిచి ఎంతమంది మీద విసిరి ఉంటాం! ఒక్కసారైనా దాని విరిగిన మొహం చూడలేదు. నా నోట్లోంచి వచ్చింది ఇది: "సార్, టీ బై జే ఈక్వల్స్ టౌ బై ఆర్ ఈక్వల్స్ జీ తీటా బై ఎల్."

ఆయన ఓపిగ్గా "సరే, ఫార్ములా కరెక్టే. సుద్దముక్క ఎందుకు వాలుగా విరిగింది?" అన్నారు. అప్పుడైనా తెలియదు అనొచ్చు. అనలేదు. సుద్దలో గాలి బుడగలు ఉంటాయని, అవి ఒక వరసలో ఉంటాయని, ఆ వరస వెంట విరుగుతుందని చెప్పాను. చెప్తుంటేనే అది అబద్ధమని నాకు తెలుస్తోంది. పక్కనున్న మేడమ్ "ఇంకో సుద్దముక్క విరిస్తే వేరేలా విరుగుతుందా మరి?" అని అడిగారు. అవును అన్నాను. ఆవిడ ఇంకోటి ఇచ్చారు. విరిచాను. అచ్చం అదే వాలు.

ఆ తర్వాత ఇంకో పది నిమిషాలు ఏవో అడిగారు, నేనేవో చెప్పాను. బయటికొచ్చేసరికి నా చొక్కా జేబు మీద సుద్దపొడి ఉంది.

ఇక్కడ నన్ను నేను వెనకేసుకు రావట్లేదు గానీ, ఆ గాలి బుడగల అబద్ధం ఎక్కణ్నుంచి వచ్చిందో చాలాసార్లు ఆలోచించాను. మన పెంపకం చూడండి. ఆరో తరగతిలో ఫౌండేషన్, ఏడులో ఓఎంఆర్ షీటు, ఇంటర్‌లో రెండేళ్లు వీకెండ్ టెస్టులు. చివర్లో ఎంసెట్, ఇప్పటి పేరు ఈఏపీసెట్: 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అంటే ప్రశ్నకి 67 సెకన్ల చిల్లర. నెగటివ్ మార్కులు లేవు. అందుకే ప్రతి లెక్చరరూ చెప్పేది ఒకటే: "ఏదీ ఖాళీ వదలొద్దు. తెలియకపోతే ఏదో ఒకటి పెట్టేసి రండి." ఆ పరీక్షకి అది సరైన సలహానే. నేనూ చివరి ఐదు నిమిషాల్లో వరసగా 'సి' పెట్టుకుంటూ పోయినవాణ్నే. ఆ తర్వాత గేట్. 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. అక్కడ ఆప్షన్ల ప్రశ్నకి నెగటివ్ ఉంది గానీ, అంకె టైప్ చేసే ప్రశ్నకి లేదు. అక్కడా అదే సలహా.

దీనివల్ల మనకి తెలియకుండానే ఒక అలవాటు పడింది. "తెలియదు" అనే జవాబుకి మన చదువులో ఎప్పుడూ ఒక్క మార్కు రాలేదు. ఖాళీ కనిపిస్తే చెయ్యి దానంతటదే నింపేస్తుంది. ఇంటర్వ్యూలో కూడా నేను చేసింది అదే. ఆయన ప్రశ్న అడిగారు, ఖాళీ కనిపించింది, 'సి' పెట్టేశాను. కాకపోతే అక్కడ నా ఎదురుగా కూర్చున్నవాళ్లకి నా పెన్సిల్ కూడా కనిపిస్తోంది.

ఇంటర్వ్యూ అయ్యాక విజయవాడలో దిగి బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆటోనగర్‌లో లారీల పని చేస్తాడు. చదువు తొమ్మిదితో ఆపేశాడు. నన్ను చూడగానే "ఏరా, ఏమడిగార్రా?" అన్నాడు. నాకు చెప్పే ఓపిక లేదు. "సుద్దముక్క మెలితిప్పి ఎందుకు వాలుగా విరిగిందో చెప్పమన్నారు" అన్నాను. "ఎందుకు విరిగింది?" అన్నాడు వెంటనే. చూశారా, ఆయనకీ అదే ప్రశ్న.

ఇక్కడ నా టీ బై జే పనికిరాదు. తెలుగులో చెప్పాలి. నేను చేతులు తిప్పుతూ మొదలుపెట్టాను. "మెలితిప్పుతున్నాం కదా బాబాయ్, అప్పుడు లోపల..." అని ఆగిపోయాను. లోపల ఏమవుతుంది? పక్కన బకెట్లో తడిగుడ్డ ఉంది. తీసి పిండుతూ చూశాను. గుడ్డ మీద మడతలు నిలువుగానూ రాలేదు, అడ్డంగానూ రాలేదు. ఏటవాలుగా, తాడు పురిలాగా వచ్చాయి. ఒక వాలులో గుడ్డ బిగుసుకుపోయి లాగినట్టుంది. దానికి అడ్డంగా ఉన్న వాలులో నొక్కుకుపోయి ముడతలు పడింది. అంటే మెలితిప్పడం అని మనం ఒక్క మాటలో అంటున్నాం గానీ, లోపల జరిగేవి రెండు: ఒక ఏటవాలులో లాగుడు, ఇంకో ఏటవాలులో నొక్కుడు. సుద్ద నొక్కితే బాగా తట్టుకుంటుంది, లాగితే తట్టుకోలేదు. కాబట్టి ఏ వాలులో లాగుడు ఎక్కువగా ఉందో దానికి అడ్డంగా చీలిపోతుంది. ఆ చీలిక అక్షానికి 45 డిగ్రీల్లో ఉంటుంది. కడ్డీ గుండ్రం కాబట్టి అది మరలాగా చుట్టు తిరుగుతుంది.

ఇదంతా నాకు తెలుసు! ప్యూర్ షియర్‌లో ప్రిన్సిపల్ స్ట్రెస్ 45 డిగ్రీల దగ్గర వస్తుందని మోర్స్ సర్కిల్ గీసి ఎన్ని లెక్కలు చేశానో. బిట్ వస్తే ముప్ఫై సెకన్లలో చేస్తాను. ఆ సర్కిలూ, ఈ సుద్దముక్కా ఒకటేనని నాకెప్పుడూ తట్టలేదు. రెండూ నా బుర్రలో రెండు వేర్వేరు గదుల్లో ఉన్నాయి, మధ్యలో తలుపు లేదు.

బాబాయి విని "బాగానే ఉంది. మరి ఇనప కడ్డీ కూడా అలాగే విరుగుద్దా?" అన్నాడు.

సరిగ్గా ఒక మంచి ప్రొఫెసర్ అడగాల్సిన రెండో ప్రశ్న అది. మళ్లీ కూర్చుని ఆలోచించాం. మెత్తటి ఉక్కు కడ్డీ అలా విరగదు. అది లాగుడికంటే ముందు జారుడుకి, అంటే షియర్‌కి లొంగిపోతుంది. కాబట్టి చాలాసేపు మెలికలు పడి చివరికి అడ్డంగా, కత్తితో కోసినట్టు తెగుతుంది. పోత ఇనుము అయితే పెళుసు, అది సుద్దలాగే వాలుగా విరుగుతుంది. డక్టైల్, బ్రిటిల్ అనే రెండు మాటల మధ్య తేడా నేను సెకండ్ ఇయర్ ఫస్ట్ మిడ్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అర్థమయింది మాత్రం ఆటోనగర్‌లో, తడిగుడ్డతో.

అందుకే నా సలహా ఇది. ఇంటర్వ్యూకి ఎంచుకున్న సబ్జెక్టులో ప్రతి ముఖ్యమైన విషయాన్ని ఇంజనీరింగ్ చదవని ఒక మనిషికి తెలుగులో చెప్పండి. అమ్మకో, తాతయ్యకో, మెస్‌లో అన్నకో. ఇంగ్లీషులో అయితే మనం మోసం చేసుకోగలం. "డ్యూ టు స్ట్రెస్ కాన్సంట్రేషన్" అని ఒక మాట వేస్తే వాక్యం పూర్తయినట్టే ఉంటుంది, వినేవాడూ తలూపుతాడు. తెలుగులో ఆ మాట దొరకదు. అసలు ఏం జరుగుతుందో చెప్పాలి. "మూల దగ్గర బలం అంతా గుమిగూడుతుంది" అని చెప్పాలి. అప్పుడు ఎదుటివాడు "ఎందుకు గుమిగూడుద్ది?" అంటాడు. మీకు తెలిసిందో లేదో అక్కడే తేలిపోతుంది.

దీనికి మా రూమ్మేట్ అభ్యంతరం ఉంది. "ఇంటర్వ్యూ ఇంగ్లీషులో కదరా, తెలుగులో ప్రాక్టీస్ చేసి అక్కడ నోరు పెగలకపోతే?" న్యాయమైన ప్రశ్నే. నేను తెలుగుతో ఆగిపొమ్మనట్లేదు. టెక్నికల్ పదాలకి తెలుగు పదాలు వెతకమని అసలే అనట్లేదు, టార్షన్‌ని టార్షన్ అనే అనండి. ముందు విషయం తెలుగులో తేల్చుకుని, తర్వాత అదే విషయాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పండి. నేను గమనించింది ఏంటంటే, విషయం తేలిపోయాక నా వచ్చీరాని ఇంగ్లీషు కూడా సరిపోయింది. విషయం తేలనప్పుడు మంచి ఇంగ్లీషు కోసం వెతికేది దాక్కోవడానికే.

రెండో ఇంటర్వ్యూలో ఇది కొంత పనికొచ్చింది. అక్కడ బీమ్ ఎందుకు ఐ ఆకారంలో ఉంటుందని అడిగారు. అది పీడీఎఫ్ ప్రశ్నే, చెప్పాను. వెంటనే "మరి అదే ఐ సెక్షన్‌ని మెలితిప్పితే?" అన్నారు. నాకు తెలియదు. ఈసారి ఆ మాట బయటికి అన్నాను: "తెలియదు సార్. కానీ ప్రయత్నిస్తాను." గుండె ఎంత కొట్టుకుందో! ఎవరూ నన్ను బయటికి పంపలేదు. ఒకాయన చిన్న హింట్ ఇచ్చారు: గొట్టాన్ని నిలువునా కోసి మెలితిప్పితే ఏమవుతుందో ఊహించమన్నారు. నా చేతిలో రెజ్యూమె కాగితం ఉంది. చుట్టి గొట్టం చేశాను. అంచు గట్టిగా పట్టుకుంటే మెలితిరగదు. అంచు వదిలేస్తే ఒకదాని మీద ఒకటి జారిపోయి ఇట్టే తిరిగిపోతుంది. మూసుకున్న గొట్టం మెలికకి గట్టిది, తెరిచి ఉన్న ఆకారం మెత్తనిది. ఐ సెక్షన్ తెరిచి ఉన్నదే, కాబట్టి మెలికకి బలహీనం. లారీ కింద ప్రొపెల్లర్ షాఫ్ట్ గొట్టంలా ఎందుకుంటుందో కూడా అక్కడే చెప్పాను. బాబాయి దగ్గర ఎన్నిసార్లు చూశానో దాన్ని.

సీటొస్తుందో లేదో తెలియదు. కానీ ఆ ఐదు నిమిషాలు పరీక్షలా లేదు, నలుగురం కలిసి ఏదో కనుక్కుంటున్నట్టు ఉంది. రీసెర్చ్ అంటే అదేనేమో అనిపించింది. నాకు చేతనైన మేరకు చెప్తున్నాను: వాళ్లు చూసేది జవాబు తెలుసా లేదా అని మాత్రమే కాదు, తెలియని చోట మనిషి ఎలా నిలబడతాడో చూస్తారు. ఐదేళ్లు తెలియని వాటి మధ్యే పని చేయాలి మరి.

ఇంకో విషయం, కొంచెం ఇబ్బందికరమైనది. ప్రాజెక్టు. మన చుట్టూ ప్రాజెక్టులు ఎలా తయారవుతాయో మనందరికీ తెలుసు. కొన్ని కొంటారు, కోడూ రిపోర్టూ పీపీటీ కలిపి. కొన్నింటికి బ్యాచ్‌లో ఒకడు పని చేస్తాడు, మిగతావాళ్లు ఫ్లెక్సీ ముందు ఫొటో దిగుతారు. మా బ్యాచ్‌లో నలుగురం. సిమ్యులేషన్ మొత్తం ఒక ఫ్రెండ్ చేశాడు. నేను ఫిక్చర్ చేయించి, టెస్టులు నడిపి, రీడింగులు తీశాను. మొదటి ఇంటర్వ్యూకి పట్టుకెళ్లిన రెజ్యూమెలో "సిమ్యులేషన్ చేశాను" అని రాసుకున్నాను. అదృష్టం, వాళ్లు దాని జోలికి రాలేదు. రెండోదానికి ముందు ఆ లైన్ తీసేశాను. ప్రాజెక్టు గురించి అడిగితే "సిమ్యులేషన్ నా ఫ్రెండ్ చేశాడు, నా వంతు ఇది" అన్నాను. రీడింగులు ఎందుకు చెదిరాయి, మొదటి మూడు శాంపిల్స్ ఎందుకు పాడయ్యాయి అని అడిగారు. అవన్నీ నేను చేసినవే కాబట్టి చెప్పగలిగాను. చేసిన చిన్నపని గురించి పావుగంట మాట్లాడొచ్చు. చేయని పెద్దపని గురించి రెండో ప్రశ్న దాకా కూడా రాలేం.

అయితే ఇంటర్వ్యూ అంటేనే గొప్ప పద్ధతి అని నేననట్లేదు. దానికి ఇంకో మొహం కూడా ఉంది. రాతపరీక్ష మన యాస వినదు, మన చెప్పులు చూడదు, మన ఇంటిపేరు అడగదు. ఇంటర్వ్యూకి అవన్నీ తెలుస్తాయి. మన దేశంలో ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అదీ ఒక ఇంజనీరింగ్ కాలేజీ అడ్మిషన్ల మీదే. అజయ్ హాసియా కేసు. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, అంటే ఇప్పటి ఎన్‌ఐటీ. అప్పట్లో సీటుకి రాతపరీక్ష 100 మార్కులు, ఇంటర్వ్యూ 50. ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలే మాట్లాడారని, అవి కూడా తల్లిదండ్రులెవరు, ఊరేది లాంటి ప్రశ్నలేనని విద్యార్థులు కోర్టుకెళ్లారు. 1980 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. మొత్తం మార్కుల్లో మూడోవంతు ఇంటర్వ్యూకి ఇవ్వడం తప్పని, 15 శాతం దాటితే అది ఏకపక్షమేనని చెప్పింది. ఇంటర్వ్యూలను టేప్ రికార్డు చేస్తే మంచిదని కూడా సూచించింది. అప్పటికే జరిగిపోయిన అడ్మిషన్లను మాత్రం రద్దు చేయలేదు.

ఇది చదివాక నాకు రెండు ఆలోచనలు వచ్చాయి. ఒకటి, రెండు నిమిషాల ఇంటర్వ్యూ మనిషిని చూడలేదు, వాడి వేషాన్నే చూస్తుంది. అరగంట కూర్చోబెట్టి సుద్దముక్క చేతికిచ్చే ఇంటర్వ్యూ వేరు. నేను పోయినా సరే, అలాంటిదానిలోనే పోతాను. రెండోది, ఈ ఆటలో మొదట్నుంచీ వెనకబడేది టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు, ఇంట్లో డిగ్రీ చూడని మొదటి తరం వాళ్లు. డాక్టర్ల పిల్లలకి, లెక్చరర్ల పిల్లలకి డైనింగ్ టేబుల్ దగ్గరే రోజూ మాక్ ఇంటర్వ్యూ. మనవాళ్లకి మొదటి ఇంటర్వ్యూనే అసలు ఇంటర్వ్యూ. కాబట్టి ప్రాక్టీస్ ఎక్కువ కావాల్సింది మనకే, దాన్ని మనమే ఏర్పాటు చేసుకోవాలి.

నిజానికి ప్రాక్టీస్ మన చేతిలోనే ఉంది, పాడు చేసుకుంటున్నాం. ప్రతి సెమిస్టర్‌లో ల్యాబ్ ఎక్స్‌టర్నల్ వైవా ఉంటుంది కదా. నాలుగేళ్లలో లెక్కేస్తే బోలెడన్ని. అదేగా ఇంటర్వ్యూ! ఒక తెలిసిన సబ్జెక్టు, ఎదురుగా ఒక తెలియని మనిషి, నోటితో జవాబు. కానీ మన వైవా ఎలా జరుగుతుంది? "ఎక్స్‌పరిమెంట్ పేరేంటి? ఎయిమ్ చెప్పు. సరే, వెళ్లు." వందమందిని ఒక మధ్యాహ్నంలో పూర్తి చేయాల్సిన సార్‌ని తప్పుపట్టలేను. మనం కూడా సార్ ఏమీ అడగకపోతే "లక్కీరా" అనుకుంటూ బయటికొస్తాం. నేనూ అలాగే లక్కీగా ఏడు సెమిస్టర్లు దాటాను. ఆ లక్కంతా కలిసి మేలో నా చేతికి సుద్దముక్కగా వచ్చింది.

అందుకే నాకు తోచిన పద్ధతి ఇక్కడ పెడుతున్నాను. ఎనిమిది సబ్జెక్టులు వద్దు, రెండు చాలు, మ్యాథ్స్‌తో కలిపి మూడు. ఒక్కో సబ్జెక్టులో పది బొమ్మలు ఎంచుకోండి, చూడకుండా గీసి చెప్పగలిగేలా. ప్రతిదానికీ మూడుసార్లు "ఎందుకు" అడిగించుకోండి. మూడో ఎందుకు దగ్గర దాదాపు అందరం ఆగిపోతాం, అదే ఆ రోజు చదవాల్సిన పేజీ. చేతికందే వస్తువుతో చూపించగలిగితే చూపించండి. తెలియనప్పుడు తెలియదు అనడం కూడా ప్రాక్టీస్ చేయండి, అది నోరు తిరగని మాట. అన్నాక ఆగిపోవద్దు, తెలిసిన చివరి మెట్టు ఏదో చెప్పి అక్కణ్నుంచి ఒక అడుగు వేయండి. రెజ్యూమెలో ప్రతి లైన్ కిందా "ఇది నేనే చేశానా?" అని రాసుకుని నిజాయితీగా టిక్ పెట్టండి. టిక్ పడని లైన్ తీసేయండి. రెజ్యూమె చిన్నదైపోతుంది. ఫర్వాలేదు.

మన క్లబ్‌కి ఒక ప్రతిపాదన. మనం ప్రతి వారం కథలు, కవితలు చదువుకుంటున్నాం. నెలకి రెండు వారాలు ఒక గంట దీనికిద్దాం. ఒకరు బోర్డు దగ్గర నిలబడాలి. ముందు పది నిమిషాలు తెలుగులో, తర్వాత పది నిమిషాలు ఇంగ్లీషులో. వినేవాళ్లలో కనీసం సగం మంది వేరే బ్రాంచ్ వాళ్లై ఉండాలి, లేకపోతే అందరం కలిసి తలూపేస్తాం. సాహిత్య క్లబ్‌లో టార్షన్ ఏంటని ఎవరైనా అడిగితే, తెలిసిన విషయాన్ని తెలియని మనిషికి తెలుగులో అర్థమయ్యేలా చెప్పడం కంటే సాహిత్యానికి వేరే పనేముందని నేను ఎదురు అడుగుతాను.

నేను జూలై దాకా ఊళ్లోనే ఉంటాను. సీటొస్తే జూలై, రాకపోతే ఇంకా ఎక్కువ రోజులు. మొదటి వారం బోర్డు దగ్గర నేను నిలబడతాను. మీరు ఎందుకు అని అడగండి. సివిల్, సీఎస్‌ఈ వాళ్లు ముందు వరసలో కూర్చుంటే సంతోషం. సుద్దముక్కలు నేను తెస్తాను, ఒక పెట్టె నిండా ఉన్నాయి. మొదటి ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చిన రోజే కొన్నాను.